ఆపద పొరుగువాడిది, తీర్పు మనదా?

ఎక్కడైనా భూమి కంపించినా, ఏరు పొంగినా, కొండ నిప్పులు కక్కినా మన ఇళ్ళలో, మస్జిదు వరండాల్లో, చాయ్ హోటళ్ళ దగ్గర ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "వాళ్ళేం పాపం చేశారో! అల్లాహ్ అజాబ్ దిగింది." ఈ మాట అనేవారు చెడ్డవారని మేము అనడం లేదు. వారిలో చాలామంది నమాజీలు, అల్లాహ్ అంటే భయం ఉన్నవారు. అయితే అదే నోట మరో మాట కూడా వస్తుంది. వాగులో ఇల్లు కట్టి అది కొట్టుకుపోయినప్పుడు, మందు వేయించక బిడ్డ జబ్బు ముదిరినప్పుడు, కట్ట తెగుతుందని తెలిసీ ఊరుకున్నప్పుడు "అంతా తఖ్దీర్, మనం చేసేదేముంది?" అంటాం.

ఒకటి ఎదుటివారి కష్టానికి మనం పెట్టే పేరు. రెండోది మన నిర్లక్ష్యానికి మనం పెట్టుకునే పేరు. అజాబ్, తఖ్దీర్ రెండూ మన ధర్మంలో ఉన్న మాటలే. రెండూ సత్యమే. కాని సత్యమైన మాటను కూడా తగని చోట ఉంచితే అది అన్యాయమవుతుంది. ఆపద సమయంలో ఈ రెండు మాటల్ని మనం సరైన చోట ఉంచుతున్నామా? ఈ నెల ఆలోచించవలసిన విషయం ఇది.

దూరం వెళ్ళనక్కరలేదు. మన పాలమూరు జిల్లానే చూద్దాం. 2009వ సంవత్సరం దేశానికి పెద్ద కరవు సంవత్సరం. ఆ ఏడు నైరుతి రుతుపవనాల వర్షం మామూలు కంటే నూటికి 22 పాళ్ళు తక్కువ పడింది. అంతకుముందే వలసల జిల్లాగా పేరుబడిన పాలమూరు, బోర్లు ఎండి, చేలు మాడి ఆకాశం వంక చూస్తూ కూర్చుంది. వాన కోసం చేతులెత్తని వారు లేరు. రంజాన్ పండుగ జరిగి రెండు వారాలు కాకముందే వాన వచ్చింది. ఎలా వచ్చింది! సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ఉత్తర కర్ణాటకలో, కర్నూలు, పాలమూరు ప్రాంతాల్లో కుంభవృష్టి కురిసింది. తుంగభద్ర, హంద్రీ, కృష్ణ ఒక్కసారిగా పొంగాయి. అక్టోబరు 2, శుక్రవారం నాడు కర్నూలు పట్టణం మునిగింది. ఇవతలి ఒడ్డున అలంపురం ప్రాంతం జలమయమైంది. తుంగభద్ర ఒడ్డునే ఉన్న రాజోలి గ్రామంలో ఇళ్ళు కూలి, నేతగాళ్ళ మగ్గం గుంటలు బురదతో పూడిపోయాయి. 

ఆ రోజుల్లో శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి పడింది. ఆనకట్టను లెక్కవేసి కట్టింది సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకు. 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి నీరు ఇంకా పది అడుగులకు పైగా ఎక్కింది. ఆనకట్ట నిలిచింది. అది నిలవకపోతే దిగువన నాగార్జునసాగర్ మొదలుకొని నల్గొండ, గుంటూరు, కృష్ణా జిల్లాల గతి ఏమయ్యేదో అల్లాహ్ కే తెలుసు. అక్టోబరు 5 నాటికి విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు సముద్రానికి సాగిపోయాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ ఆపద ఎవరి పాపం? నీరు ఒడ్డునున్న అన్ని గుమ్మాలూ ఎక్కింది. నమాజీ ఇంట్లోకీ వచ్చింది, నమాజు లేని ఇంట్లోకీ వచ్చింది. పాలు తాగే పసివాణ్ణీ వదలలేదు, వడ్డీ తినేవాణ్ణీ వదలలేదు. మిద్దె ఉన్నవాడు పైకెక్కి బతికాడు, మట్టిగోడల ఇల్లున్నవాడు సర్వం పోగొట్టుకున్నాడు. ఇది అజాబే అని తీర్పు చెబితే, అల్లాహ్ (మన్నించాలి) మిద్దెలున్నవారిని వదిలి పేదవారినే శిక్షిస్తాడని చెప్పినట్లు కాదా? నోరు జారిన ఒక్క మాట ఎంత దూరం పోతుందో చూడండి.

సరిగ్గా ఇలాంటి సందర్భమే దైవప్రవక్త (స) ముందుకూ వచ్చింది. ఒక శుక్రవారం ఆయన ఖుత్బా ఇస్తుండగా ఒక పల్లెవాసి లేచి, పశువులు చస్తున్నాయి, వాన కోసం దుఆ చేయండి అని కోరాడు. ఆయన చేతులెత్తారు. వాన మొదలై వారమంతా ఆగలేదు. మరుసటి శుక్రవారం ఒకరు లేచి, ఇళ్ళు కూలుతున్నాయి, దారులు తెగిపోయాయి, వాన ఆగేలా దుఆ చేయండి అన్నారు. "అడిగింది మీరే కదా" అని ఆయన అనలేదు. మీ పాపాల వల్లే ఇలా అయిందనీ అనలేదు. మళ్ళీ చేతులెత్తి, వాన మా మీద కాక మా చుట్టుపక్కల గుట్టల మీద, లోయల్లో, చెట్ల మొదళ్ళలో పడాలని వేడుకున్నారు. సహీహ్ బుఖారీలో ఉన్న సంఘటన ఇది. వాన కోసం ఏడ్చి, ఆ వానకే ఇల్లు పోగొట్టుకున్న మనిషితో ఎలా మాట్లాడాలో మనకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

"కాని దివ్యఖుర్ఆన్ లోనే ఉంది కదా, మనపై వచ్చే ఆపద మన చేతుల సంపాదనేనని!" అని కొందరు అడుగుతారు. నిజమే. షూరా సూరాలోని 30వ ఆయతు భావం అదే. అయితే ఆ ఆయతును చివరిదాకా చదవాలి. అల్లాహ్ ఎన్నిటినో మన్నించి వదిలేస్తున్నాడని కూడా అక్కడే ఉంది. ఫాతిర్ సూరా చివరి ఆయతులో, ప్రజలు చేసిన పనులకు అల్లాహ్ వెంటనే పట్టుకోదలిస్తే భూమి మీద ఒక్క ప్రాణీ మిగలదన్న భావం ఉంది. అంటే ఒడ్డున నిలబడి మునిగినవాడిపై తీర్పు చెప్పేవాడు కూడా తన పుణ్యం వల్ల ఒడ్డున లేడు, గడువు వల్ల ఉన్నాడు. ఇక అన్ఫాల్ సూరా 25వ ఆయతు, దుర్మార్గులను మాత్రమే తాకి ఆగిపోని ఆపద గురించి హెచ్చరిస్తుంది. బఖరా సూరా 155వ ఆయతు భయం, ఆకలి, ధన ప్రాణ నష్టాలు విశ్వాసులకు పరీక్షగా వస్తాయని ముందే చెప్పి, సహనం వహించినవారికి శుభవార్త ఇస్తుంది. ఆపద ఒకటే. ఒకరికి హెచ్చరిక, ఒకరికి పరీక్ష, ఒకరికి పాప ప్రక్షాళన, ఒకరికి అంతస్తు పెంపు. ఎవరికి ఏదో తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే.

ఆద్, సమూద్ జాతుల మీద, లూత్ (అలై) జాతి మీద దిగింది అజాబేనని మనం నిస్సందేహంగా చెబుతాం. ఎందుకు చెప్పగలుగుతున్నాం? వహీ చెప్పింది కనుక. వహీ ఆగిపోయిన తర్వాత కర్నూలు వరదకో, గుజరాత్ భూకంపానికో, సునామీకో "ఇది ఫలానావారి పాపానికి శిక్ష" అని పేరు పెట్టే అధికారం ఎవరిచ్చారు? అది గైబ్ విషయం. గైబ్ తెలుసనడం చిన్న తప్పు కాదు.

దైవప్రవక్త (స) ముద్దుల కుమారుడు ఇబ్రాహీం చనిపోయిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. పసివాడి మరణానికి ఆకాశమే చీకటి కప్పుకున్నదని ప్రజలు అనుకున్నారు. అందులో ఆయన కుటుంబానికి గౌరవమే తప్ప లోటు లేదు. అయినా ఆయన ఒప్పుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు బతుకుల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. తన బిడ్డ విషయంలోనే ఆకాశపు సంఘటనకు తన ఇష్టం వచ్చిన అర్థం చెప్పనివ్వని ప్రవక్త ఉమ్మతీలం మనం. అపరిచితుల బిడ్డల విషయంలో చెప్పడానికి మనమెవరం?

ఇంకొక మాట. హదీసుల్లో షహీదుల జాబితా ఉంది. ధర్మ మార్గంలో ప్రాణమిచ్చినవారితో పాటు ప్లేగుతో చనిపోయినవారు, నీట మునిగినవారు, గోడ కూలి దాని కింద పడి చనిపోయినవారు కూడా అందులో ఉన్నారు. వరద చంపేది ఎలా? నీట ముంచి, గోడ కూల్చి. ప్రవక్త (స) షహీదులన్నవారిని మనం పాపులంటున్నామేమో, ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. హజ్రత్ అబూ ఉబైదా (రజి) జీవించి ఉండగానే స్వర్గపు శుభవార్త అందుకున్న పదిమందిలో ఒకరు. ఆయన ప్లేగులో చనిపోయారు. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా ఆ ప్లేగులోనే చనిపోయారు. వీరి గురించి "ఏం పాపం చేశారో" అనగలమా?

మరి ఆపదలో తౌబా మాటే లేదా? ఉంది. తప్పకుండా ఉంది. అయితే ఎవరు ఎవరి పాపానికి తౌబా చేయాలన్నదే ప్రశ్న. దీనికి ఇస్లామీ చరిత్రలోనే ఒక అగ్నిపర్వతం జవాబు చెబుతుంది.

హిజ్రీ 654, అంటే క్రీ.శ. 1256 జూన్ నెల. మదీనా నగరాన్ని కొన్ని రోజులపాటు భూకంపాలు కుదిపేశాయి. ఆ తర్వాత ఊరి బయట నల్లరాతి నేలలో భూమి పగిలి నిప్పు ఎగజిమ్మింది. కరిగిన రాయి ఏరులా ప్రవహించింది. 52 రోజులు అది ఆగలేదు. దాదాపు 23 కిలోమీటర్లు పారి, నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో నిలిచిపోయింది. హిజాజ్ నేల నుంచి ఒక అగ్ని పుట్టి, దాని వెలుగు సిరియాలోని బుస్రా దాకా కనిపిస్తుందన్న హదీసు ఈ అగ్ని గురించేనని ఎందరో ఉలమా భావించారు. అంటే మదీనావాసులకు ఆ నిప్పులో దైవ సూచన కనిపించడానికి మనకంటే బలమైన కారణం ఉంది.

వారేం చేశారు? పాపులెవరో వెతకలేదు. పొరుగు తెగల మీద వేలు చూపలేదు. ఆడా మగా పిల్లలతో సహా మస్జిదె నబవీకి చేరి, ఎవరి తప్పులు వారు ఒప్పుకుని ఏడ్చారు. నగర ఖాజీ స్వయంగా అమీర్ దగ్గరికి వెళ్ళి హెచ్చరిస్తే, ఆ అమీర్ తన బానిసలను విడుదల చేసి, ప్రజల దగ్గర అన్యాయంగా తీసుకున్న సొమ్ము తిరిగి ఇచ్చేశాడని ఆనాటివారు రాసిన ఉత్తరాల్లో ఉంది. ఖాజీ వెళ్ళింది ఎవరి దగ్గరికో గమనించండి. ఇల్లు పోయిన పేదవాడి దగ్గరికి కాదు, అధికారం చేతిలో ఉన్నవాడి దగ్గరికి. ఆ తౌబాలో కన్నీళ్ళతో పాటు హక్కుల చెల్లింపు కూడా ఉంది. అదే ఏడాది రంజాన్ నెలలో దీపపు నిప్పు అంటుకుని మస్జిదె నబవీయే కాలిపోయింది. అంతటి పవిత్ర స్థలానికే ప్రమాదం తప్పనప్పుడు, ఊరు మునిగింది కనుక అది పాపుల ఊరు అనే లెక్క నిలవదు.

మొన్నమొన్ననే, 2025 నవంబరులో, ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో హేలీ గుబ్బి అనే అగ్నిపర్వతం వేల సంవత్సరాల తర్వాత పేలింది. దాని బూడిద ఎర్రసముద్రం దాటి యెమెన్, ఒమాన్ల మీదుగా ఢిల్లీ ఆకాశం దాకా వచ్చింది. మన విమానాలు కొన్ని రద్దయ్యాయి. ఆ వార్త మనకు ఒకటి రెండు రోజుల ముచ్చట. అక్కడి పశువుల కాపరులకు మాత్రం గడ్డి మీద బూడిద పరుచుకుంది. వారిలో అత్యధికులు మన ధార్మిక సోదరులే. వారేం పాపం చేశారని ఎవరమూ అడగలేదు. అది మంచిదే. కాని వారి పశువులకు గడ్డి ఉందా అనీ ఎంతమందిమి అడిగాం?

బూడిద అంటే హజ్రత్ ఉమర్ (రజి) కాలం గుర్తుకు వస్తుంది. హిజ్రీ 18లో అరేబియాలో కరవు వచ్చింది. నేల మాడి, గాలి లేస్తే బూడిదలా మట్టి ఎగిరేదట. అందుకే దానికి ఆముర్రమాదా, బూడిద సంవత్సరం అని పేరు వచ్చింది. పల్లెల వారంతా మదీనాకు వచ్చి చేరారు. ఖలీఫా ఉమర్ (రజి) ఏం చేశారో వరుసగా చూద్దాం. సిరియా, ఇరాక్ గవర్నర్లకు కబురు పంపి ధాన్యం తెప్పించారు. వండించి వేలమందికి వడ్డించారు. ప్రజలకు దొరికేదాకా తాను నెయ్యి ముట్టనని ఒట్టు పెట్టుకుని, నూనెతో రొట్టె తిని రంగు మారిపోయారు. ఆకలితో దొంగిలించినవాడిపై దొంగతనపు శిక్ష అమలు ఆపారు. ఆ ఏడు జకాత్ వసూలు వాయిదా వేశారు. ఇస్తిస్ఖా నమాజు చేయించారు. రాత్రిళ్ళు ఒంటరిగా, ఈ ఉమ్మత్ నాశనం నా చేతుల మీదుగా జరగనివ్వకు ప్రభూ అని ఏడ్చేవారు.

గమనించారా? "ఈ పల్లెవాసులు ఏం పాపం చేశారో" అనే మాట ఆయన నోట రాలేదు. పాపం లెక్క వచ్చినప్పుడు ఆయన తన వైపే చూసుకున్నారు. రొట్టె లెక్క వచ్చినప్పుడు ప్రజల వైపు చూశారు. మనం దీన్ని తలకిందులు చేశాం. పాపం లెక్కకు పొరుగువాడి వైపు, రొట్టె లెక్కకు మన వైపు చూస్తున్నాం. మేము చెప్పదలచుకున్న విషయమంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

ఇక రెండో మాట, తఖ్దీర్. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి, అక్కడ ప్లేగు ఉందని తెలిసి సర్గ్ అనే చోటు నుంచి వెనుదిరిగారు. అల్లాహ్ తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ తఖ్దీర్ నుంచి అల్లాహ్ తఖ్దీర్ వైపుకే వెళ్తున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. లోయకు ఒక వైపు పచ్చిక, మరో వైపు ఎండిన నేల ఉంటే ఒంటెల్ని ఎటు తోలినా అది తఖ్దీరే కదా అని ఉదాహరణ కూడా చెప్పారు. అంటే తఖ్దీర్ మీద విశ్వాసం చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. పచ్చిక ఉన్న వైపు తోలే బాధ్యత కాపరిదే.

మన నేల మీదే దీనికి సాక్ష్యాలున్నాయి. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. చింతచెట్టు పట్టుకుని దాదాపు 150 మంది బతికారని ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును చూపుతారు. ఆ చెట్టు కొమ్మ ఎవరి మతమూ, ఎవరి కర్మల పత్రమూ అడగలేదు. పాలమూరుకు మహబూబ్ నగర్ అనే పేరు ఎవరి పేరిట వచ్చిందో ఆ మీర్ మహబూబ్ అలీ ఖాన్ అప్పుడు నిజాం. తఖ్దీర్ అని ఊరుకుంటే కథ అక్కడితో ముగిసేది. కాని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనలతో మూసీ మీద 1920 నాటికి ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927 నాటికి హిమాయత్ సాగర్ లేచాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. అదే మూసీ నల్గొండ జిల్లా మీదుగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

నల్గొండకే వద్దాం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఎన్ని తరాలవారు వంగిన నడుములతో, వంకర తిరిగిన కాళ్ళతో బతికారో మనకు తెలుసు. ఆ ఊళ్ళ పిల్లలతో సంబంధం కలుపుకోవడానికి బయటివారు వెనకాడేవారు. అదీ ఒక రకమైన తీర్పే! అసలు కారణం ఎవరి పాపమూ కాదు. భూమి లోపలి వేడిలో కరిగి చల్లారిన నల్లగొండ రాయిలోని ఫ్లోరైడ్ బోరు నీటిలో కలవడమే కారణం. కారణం తెలిసిన తర్వాత నాగపూర్ లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నం కలిపి నీటిని శుద్ధి చేసే పద్ధతిని రూపొందించారు. దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు ప్రపంచమంతా వ్యాపించింది. తర్వాత కృష్ణా నీరు నల్లాల్లో వచ్చింది. జబ్బు తఖ్దీర్ అయితే మందు కూడా తఖ్దీరే. ఒకదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని తప్పించుకోవడం విశ్వాసం కాదు, బద్ధకం.

2009 వరద తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నీరు కొన్ని రోజుల్లో దిగిపోయింది. రాజోలిలో ఇల్లు పోయినవారు పునరావాస ఇళ్ళ కోసం మాత్రం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. వాన అల్లాహ్ ఆజ్ఞ. ఏళ్ళ ఆలస్యం మనుషుల పని. మనుషుల పనికి అల్లాహ్ పేరు పెట్టడం బేఅదబీ అవుతుంది. బాధితుడు తన హక్కు అడిగితే సబ్ర్ చేయమని నోరు మూయించడమూ తగదు. సబ్ర్ అన్నది కష్టంలో ఉన్నవాడు తన ప్రభువు కోసం చేసే ఆరాధన. అది ఒడ్డునున్నవాడు అతనికి ఇచ్చే ఆదేశం కాదు.

"ఇలా కారణాలు వెతుక్కుంటూ పోతే అల్లాహ్ ను మరచిన భౌతికవాదులం కామా?" అని ఒక సందేహం రావచ్చు. కాము. మేఘాన్ని నడిపేవాడు, రాతిని కరిగించేవాడు అల్లాహ్ అయినప్పుడు, ఆ మేఘం తీరునూ రాతి గుణాన్నీ తెలుసుకోవడం ఆయన సూచనలను చదవడమే. చూసి భయపడటం, తెలుసుకుని జాగ్రత్తపడటం రెండూ దాసుని పనులే.

కనుక సోదర సోదరీమణులారా! మన మీద ఆపద వస్తే ఇన్నాలిల్లాహ్ చదువుదాం. మన కర్మల లెక్క మనం చూసుకుందాం. ఎవరి హక్కయినా మన దగ్గర ఉంటే తిరిగి ఇచ్చేద్దాం. ఇతరుల మీద ఆపద వస్తే వారి పాపాల ఊసెత్తకుండా దుప్పటి, బియ్యం, మందు పట్టుకుని వెళ్దాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర ఏ తీర్పూ చెప్పకుండా కూర్చుని, ఆమె మాట విందాం. పేరు, కులం, మతం అడగకుండా ఇద్దాం. ప్రజలను సన్మార్గానికి తేవడం నీ బాధ్యత కాదని ప్రవక్త (స)కే చెప్పి, ఖర్చుపెట్టే మేలు మనకే దక్కుతుందన్న బఖరా సూరా 272వ ఆయతు మనకు చాలు. వాగుల్లో, చెరువు శిఖాల్లో ఇళ్ళు కట్టుకోకుండా ఉందాం. కట్టినవారిని ముందే హెచ్చరిద్దాం. మన పిల్లలు వరద వార్త చూసి "అబ్బా, వాళ్ళకెందుకిలా అయింది?" అని అడిగితే, "అది అల్లాహ్ కు తెలుసు బేటా, వాళ్ళకు మనమేం చేయగలమో అది మనం చూద్దాం" అని చెబుదాం. రేపు ప్రళయదినాన మనల్ని అడిగేది పొరుగువాడి కర్మల గురించి కాదు. పొరుగువాడు మునుగుతున్నప్పుడు మన చేయి ఎక్కడుందో అడుగుతారు.

అల్లాహ్ మన నోళ్ళను ఇతరులపై తీర్పుల నుంచి కాపాడుగాక! మన చేతులను సాయానికి చాచే భాగ్యం ప్రసాదించుగాక! నీట మునిగి, గోడల కింద పడి కన్నుమూసినవారిపై కరుణ చూపుగాక! ఆమీన్.